మూడో కంతు

సబ్‌స్టేషన్‌కు ఎవరూ ఊరికే రారు. కడప నుంచి వచ్చే తారురోడ్డు దిగి, రాళ్ళ లారీలు తిరిగే మట్టిబాటలో నడిస్తే ఇనుప గేటు వస్తుంది. గేటు మీద పుర్రె బొమ్మ, దాని కింద అపాయమని రాత. లోపల కంకర పరిచిన నేల, ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక గది. ఆ గదిలో ప్యానెళ్ళ ముందు వీరభద్ర కూర్చుని ఉంటాడు. చుట్టుపక్కల ఊళ్ళ మోటార్లకు ఎప్పుడు కరెంటు వదలాలో, లైన్ మీద పనుంటే ఎప్పుడు ఆపాలో చూసుకునే ఆపరేటరు. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు. పెళ్ళిచూపులకు పోయిన చోటల్లా మొదట అడిగింది అదే. కాదు అనేవాడు. మాట అక్కడికి ఆగేది. నలభై వచ్చాక అడిగేవాళ్ళు కూడా ఆగిపోయారు.

మేకలు కాసేవాళ్ళు కంచె దాకా వచ్చి నీళ్ళడిగి పోతారు. లైన్‌మన్ ఖాదర్ మొహిద్దీన్ పని ఉంటే వస్తాడు, రాత్రి డ్యూటీకి ఏసన్న వస్తాడు. వీళ్ళు కాక ఎండాకాలం నుంచి ఇంకొకడు రావడం మొదలైంది. బ్యాంకు కార్డు బాకీలు వసూలు చేసే జ్ఞానరాజు.

మొదటిసారి వచ్చినప్పుడు జ్ఞానరాజు గేటు బయట నుంచే అరిచాడు. అట్లా అరవమని వాళ్ళకు నేర్పి పంపుతారేమో. వీరభద్ర గేటు తీశాడు. గదిలోని కుర్చీ తెచ్చి గోడ నీడలో వేశాడు. కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. నీళ్ళు తాగినవాడు మళ్ళీ అరవలేకపోయాడు.

"నన్ను చూస్తానే గోడ దూకేటోళ్ళను చూసినా అన్నా. కుర్చీ ఏసేటోన్ని ఇప్పుడే చూస్తాండా."

"అప్పిచ్చినోడు వస్తే కుర్చీ ఎయ్యకపోతే ఎట్ల?"

"నేనియ్యలే నా. బ్యాంకోళ్ళు ఇచ్చినారు. నాకే ఈ బండి కంతులు రెండు బాకీ ఉండాయి."

"వాళ్ళొస్తే కుర్చీ ఏస్తావా?"

"గోడ దూకుతా," అన్నాడు జ్ఞానరాజు.

వీరభద్ర సొంతూరు కర్నూలు దిక్కు, కోడుమూరు దగ్గర. అక్కడ అప్పుకు ఒక పద్ధతి ఉంది. తీసుకున్నవాడు ఏటా ఉగాదికి ఇచ్చినవాడి ఇంటికి పోయి వడ్డీ చేతిలో పెడతాడు. అసలు ఎక్కడిదక్కడ ఉంటుంది. పదేళ్ళున్నా ఎవరూ ఏమీ అనరు. ఒక ఏడు పంట పోతే, పోయి అరుగు మీద కూర్చుని, వచ్చే ఉగాదికి రెండేళ్ళది కలిపి ఇస్తాననాలి. ఇచ్చినవాడు తలాడిస్తాడు. వడ్డీ తప్పనివాణ్ణి మర్యాదస్తుడంటారు. వీరభద్ర నాయన మర్యాదస్తుడిగానే పోయాడు.

కార్డు సంగతి ఇది. జీతం పడే బ్యాంకు నుంచి టై కట్టుకున్న పిల్లవాడు ఆఫీసుకొచ్చి అందరి చేతా సంతకాలు పెట్టించుకుపోయాడు. పోస్టులో క్రెడిట్ కార్డు వచ్చింది. వీరభద్ర దాన్ని పెట్టె అడుగున పడేశాడు. కొన్నాళ్ళకు తమ్ముడు ఈరేష్ ఫోన్ చేశాడు. రెండెకరాల్లో ఉల్లి పెడతానని, పోయినేడు పెట్టినోళ్ళు మిద్దెలు కట్టుకున్నారని, యాభై అరవై వేలు ఉంటే చాలని. వీరభద్ర పంపుతాలే అన్నాడు. ఎక్కడివని తమ్ముడు అడగలేదు. ఉద్యోగం చేసే అన్న దగ్గర ఉంటాయనుకున్నాడు. అట్లా అనుకోవడం వీరభద్రకు నచ్చింది.

కడపలో ఒక సెల్‌ఫోన్ల అంగడివాడు కార్డు గీకి, నూటికి మూడు పట్టుకుని మిగతాది చేతికిచ్చాడు. అరవై వేల కార్డు ఒక్క గీతలో ఖాళీ అయింది.

ఆ ఏడు ఉల్లి బాగా పండింది. అందరికీ బాగా పండింది. కర్నూలు యార్డులో పలికిన ధర లారీ బాడుగకు కూడా చాలలేదు. ఈరేష్ రెండో విడత తవ్వించకుండా చేనులోకి గొర్రెలను తోలాడు.

"అన్నా, పాయె," అన్నాడు ఫోన్లో.

"పోనీలే," అన్నాడు వీరభద్ర.

అన్నదమ్ములు ఆ పంట గురించి మాట్లాడుకున్నది అంతే. అన్న కూడబెట్టుకున్నదంతా గొర్రెల పాలు చేశానని ఈరేష్ అనుకున్నాడు. సిగ్గుపడి ఫోన్ చేయడం తగ్గించాడు. ఫోన్ చేస్తే ఆ డబ్బు ఎక్కడిదనే మాట వస్తుందని వీరభద్రా చేయలేదు. పండగలకు డ్యూటీ ఉందనేవాడు. తర్వాత ఆ మాట చెప్పాల్సిన పనీ లేకపోయింది. పిలవడం మానేశారు.

నెలనెలా ఫోన్‌కు బిల్లు వచ్చేది. అందులో ఒక పెద్ద అంకె, దాని కింద ఒక చిన్న అంకె. పెద్దది అసలు, చిన్నది వడ్డీ అని వీరభద్ర అర్థం చేసుకున్నాడు. చిన్నది తేదీ కంటే ముందే కట్టేవాడు. ఏడాది దాటినా ఒక్క నెల తప్పలేదు. కట్టిన రోజు కొంచెం నిమ్మళంగా ఉండేది. ఊళ్ళో నాయన ఉగాదినాడు తెల్లపంచె కట్టుకుని వడ్డీ ఇవ్వడానికి పోయి తిరిగొచ్చేటప్పుడు ఇట్లాగే ఉండేదేమో.

అప్పుడు కాంట్రాక్టరు మారాడు. కొత్తవాడు మూడు నెలలు జీతాలు ఆపాడు. వీరభద్ర గాబరా పడలేదు. బ్యాంకు నంబరుకు ఫోన్ చేసి, ఎత్తిన అమ్మాయితో, "మూడు నెలల వడ్డీ కలిపి ఒకేసారి కడతానమ్మా. జీతం రాలేదు," అని చెప్పాడు. "నోట్ చేసుకున్నాం సార్," అందా అమ్మాయి. మాట ఒప్పుకుందనుకున్నాడు.

మూడు నెలల తర్వాత బిల్లు చూస్తే గుర్తుపట్టలేకపోయాడు. ఆలస్యానికి జరిమానా, పరిమితి దాటినందుకు జరిమానా, జరిమానా మీద పన్ను, అన్నిటి మీదా వడ్డీ. మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి వేరే అమ్మాయి. ముందు అమ్మాయి ఎవరో ఆమెకు తెలియదు. మీరు ఇన్నాళ్ళూ కట్టింది కనీస మొత్తం సార్, అని చెప్పింది. వడ్డీ ఎంతమ్మా అని అడిగితే చెప్పింది. నెలకు నూటికి మూడున్నర, పన్ను కాక.

వీరభద్ర ఫోన్ పెట్టేసి బయటికొచ్చి ట్రాన్స్‌ఫార్మర్ల ముందు నిలబడ్డాడు. ఊళ్ళో మూడున్నర వడ్డీకి జూదగాళ్ళు కూడా తెచ్చుకోరు.

అప్పటి నుంచి ఖర్చులు కోయడం మొదలుపెట్టాడు. ఊరి చివర అద్దెగది వదిలేసి, సబ్‌స్టేషన్ వెనక పాత సామాన్ల గదిలో మంచం వేసుకున్నాడు. ఇంజనీరు చూసి చూడనట్టు పోయాడు. పొద్దున ఒకసారి వండి రెండు పూటలా తిన్నాడు. అన్నం, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి. ఆదివారం ఒక గుడ్డు. మెయిన్ రోడ్డు మీద టీకొట్టుకు పోవడం మానేశాడు. టీ మానేస్తే మిగిలేది ఎంతో కాదు. కానీ అక్కడ నలుగురు కూర్చునేవాళ్ళు. వాళ్ళు పోయారు. ఎవరి పెళ్ళికీ పోలేదు. చదివింపులు రాయించనిదే పంక్తిలో కూర్చోలేడు. ఖాదర్ మొహిద్దీన్ కూతురు సాజియా నిఖాకు పిలిస్తే కూడా డ్యూటీ అన్నాడు. ఆ రోజు డ్యూటీ లేదు. గదిలో పడుకుని, రెండు మైళ్ళ అవతల మైకులో వినిపించే పాటలు విన్నాడు.

ఏది కోసినా దాంతోపాటు ఒక మనిషి తెగిపోయాడు. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

ఇక మిగిలినవి గొంతులే. డ్యూటీ ఫోన్ ఎప్పుడు మోగినా ఎత్తాలి, అది రూలు. రైతులు చేసేవాళ్ళు. కరెంటు ఎప్పుడొస్తాదని కొందరు, ఎందుకు పోయిందని కొందరు, ఊరికే తిట్టడానికి కొందరు. నాగలక్ష్మమ్మ అనే ముసలామె రోజూ చేసేది. "నాయనా, నా మోటరు నడుస్తాదా ఈ పొద్దు?" అని. ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు ఫోన్ రాకపోతే ఏమైందోనని మధ్యాహ్నం దాకా చూశాడు. బాకీ కోసం చేసేవాళ్ళవీ గొంతులే. రోజుకొక గొంతు. ఎవరికీ పేరుండదు. తను ఎవరికి అప్పు ఉన్నాడో అతనికి తెలియదు. వాళ్ళ ఇల్లు ఎక్కడో, పిల్లలెంతమందో, ఏ అరుగు మీద కూర్చుని మాట అడగాలో తెలియదు.

అందుకే జ్ఞానరాజు వచ్చినప్పుడు కుర్చీ వేశాడు. అప్పుకు ఒక ముఖం వచ్చింది.

లక్ష దాటిన బాకీని నలభై ఐదు వేలకు తెంపించింది జ్ఞానరాజే. మూడు కంతులు. ప్రతి నెలా ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఆరు లోపల పదిహేను వేలు.

"ఒక్కటి తప్పినా ఇది చెల్లదు నా," అని ఫోన్లో కాగితం చూపించి చెప్పాడు. "కట్టినవన్నీ వడ్డీకింద ఏసుకుంటారు. మళ్ళా లక్ష దగ్గరికే పోతాది. నేనొచ్చి ఈ కుర్చీలోనే కూసోవాల."

"కూసుంటే కూసుంటివిలే."

"నవ్వులాట కాదు నా. తప్పొద్దు."

మొదటి కంతుకు బైకు అమ్మాడు. రెండోదానికి జీతం వచ్చింది, మొత్తం పోయింది. మూడోదానికి తొమ్మిది వేలు చేర్చుకుని జీతం కోసం చూస్తుంటే, బిల్లులు పాస్ కాలేదని కాంట్రాక్టరు చెప్పాడు. వారంలో పడతాయన్నాడు. వారం తర్వాత పడే జీతానికి విలువ లేదు. ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున వీరభద్ర ప్యానెళ్ళ ముందు కూర్చునేసరికి ఆరు వేలు తక్కువ.

ఫోన్లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాడు. టీకొట్టు దగ్గరి నలుగురి నంబర్లు ఉన్నాయి. రెండేళ్ళుగా మాట్లాడని మనిషికి ఫోన్ చేసి ఆరు వేలు అడిగితే వాడేమనుకుంటాడు? చస్తే చూడ్డానికి రానోడు అప్పుకొచ్చినాడంటాడు. ఈరేష్ పేరు దగ్గర వేలు ఆగింది. తమ్ముడికి ఇచ్చిన చెయ్యి అది. దాన్ని చాపాలంటే చేతకాలేదు. ఫోన్ పక్కన పెట్టాడు.

పదిన్నరప్పుడు ఖాదర్ మొహిద్దీన్ డ్యూటీ ఫోన్‌కు చేశాడు. ఒక లైన్‌లో స్తంభం మీద తీగ కట్టే పింగాణీ గిన్నె పగిలింది, కరెంటు ఆపమన్నాడు. వీరభద్ర ఆ లైన్ ఆపి, పుస్తకంలో రాసి, ఖాదర్‌కు ఆ రాతకు పడిన నంబరు చెప్పాడు. ప్యానెల్ మీద ఆ స్విచ్‌కు ఎర్ర పలక తగిలించాడు. లైన్ మీద మనుషులు ఉన్నారు, అని దాని మీద రాసి ఉంటుంది. కరెంటు ఎవరు ఆపమన్నారో మళ్ళీ వేయమని వాళ్ళే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా వేయకూడదు. ఈ పనిలో మొదటిరోజు నేర్పేది ఇదే. ఆ తర్వాత నేర్పేవన్నీ దీనికి లోబడినవే.

గంట గడిచింది. అతని సొంత ఫోన్ మోగింది. కొత్త గొంతు, ఆడపిల్లది.

"సార్, ఈ రోజు మీ థర్డ్ ఇన్‌స్టాల్‌మెంట్ లాస్ట్ డేట్ సార్. ఎన్ని గంటలకు పే చేస్తారు?"

"చూస్తాండానమ్మా."

"చూస్తానంటే కాదు సార్, టైమ్ చెప్పండి. లేకపోతే సెటిల్‌మెంట్ క్యాన్సిల్ అవుతుంది సార్. మీ ఆఫీస్‌కు నోటీస్ వస్తుంది."

ఆమె చెబుతుండగానే డ్యూటీ ఫోన్ మోగింది. రెండో చెవికి పెట్టుకున్నాడు. అవతల ఒక రైతు గట్టిగా అంటున్నాడు.

"ఏమప్పా, నిద్ర పోతాండావా? మీ ఖాదరు స్తంభం దిగి శానాసేపాయె. మడి ఎండిపోతాంది. కరెంటు ఎయ్యప్పా."

"సార్, వినిపిస్తుందా సార్? టైమ్ చెప్పండి."

"ఎయ్యప్పా సామీ."

"సార్."

వీరభద్ర లేచాడు. రెండు ఫోన్లూ రెండు చెవుల దగ్గర ఉన్నాయి. ఒకటి భుజంతో నొక్కిపెట్టి కుడిచెయ్యి ప్యానెల్ మీదికి చాచాడు. ఆరు వేలు, ఆరు గంటలు, ఆ రెండే తలలో తిరుగుతున్నాయి. వేళ్ళు స్విచ్ మీద పడ్డాయి. స్విచ్‌కూ వేళ్ళకూ మధ్య ఏదో అడ్డం తగిలింది. రేకు పలక. దాన్ని తియ్యబోయి, చూశాడు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టేశాడు. అవి మాట్లాడుతూనే ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు. అట్లానే ఉండిపోయాడు.

ఇంకో అరగంటకు ఖాదర్ చేశాడు. "అయిపాయె. ఎయ్యి."

"నువ్వు స్తంభం దిగినావా మధ్యలో?"

"నీళ్ళు తాగనీకి దిగినా. మళ్ళా ఎక్కినా. ఎందుకు?"

"ఏం లేదు. నంబరు చెప్పు."

నంబరు చెప్పాక, పలక తీసి, కరెంటు వేశాడు. తర్వాత, "ఈడికి వస్తావా ఒకసారి," అన్నాడు. ఈ రెండేళ్ళలో ఒక మనిషిని రమ్మని పిలవడం అదే మొదలు.

ఖాదర్ మొహిద్దీన్ వచ్చి గోడ నీడలో కుర్చీలో కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. గడ్డం నెరిసింది, చేతులు ఇంకా గట్టిగా ఉన్నాయి. వీరభద్ర నిలబడే చెప్పాడు. చెయ్యి స్విచ్ దాకా పోయిందని చెప్పాడు. ఖాదర్ కాసేపు కంచె అవతలికి చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఎండలో నల్లరాళ్ళు మెరుస్తున్నాయి.

"ఎవరిదా ఫోను?" అన్నాడు చివరికి.

వీరభద్ర చెప్పాడు. కార్డు, ఉల్లి, చిన్న అంకె, పెద్ద అంకె, మూడో కంతు. ఇంత పొడుగు మాట ఒకేసారి మాట్లాడి చాలా రోజులైంది. 

"మా సాజియా నిఖాకు రాకపోయింది ఇందుకేనా?"

"చదివింపులకు ల్యాకపాయె."

"నేనేమో నీకు మా ఇంట్ల తినేదానికి పట్టింపేమో అనుకుంటి. మీ భాభీ కూడా అట్లనే అనుకొనె. నీకని శాకాహారం వేరేగా వండించింటి, తెల్సునా? అది మా బామ్మర్ది తినిపాయె."

వీరభద్ర తల వంచుకున్నాడు.

"నన్నెందుకు అడగల్యా?" అన్నాడు ఖాదర్.

"ఉండాయా నీ కాడ?"

"లేవు."

"మరి?"

"అడగాలప్పా. అడిగింటే లేవని చెప్పేటోన్ని. మనిషికీ మనిషికీ ఆ మాటన్నా ఉండల్ల. ఊరికే చెవిటిమూగ మాదిరి ఈ తీగల కింద కూసుంటే ఎవనికి తెలుస్తాది?" లేచి టోపీ పెట్టుకున్నాడు. "నీ ఎవ్వారంతోటి ఈ పొద్దు నన్ను సంపేటోనివి. ఇంగ నీకు మీ తమ్మునికి ఫోన్ చేసేదానికి సిగ్గేమి?"

బండి స్టార్ట్ చేసి, గేటు దాకా పోయి, మళ్ళీ ఆగాడు. "నేను స్తంభం దిగినానని ఎవరు చెప్పినా ఎయ్యకు," అన్నాడు. వీరభద్రకు ఆ మాట చెప్పక్కర్లేదు. ఖాదర్‌కు అది చెప్పకుండా పోవడం చేతకాలేదు, అంతే.

మధ్యాహ్నం అన్నం తినలేదు. రెండు గంటలప్పుడు ఈరేష్‌కు ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అన్నా? ఏమాయె?"

ఆ గొంతులో భయం వీరభద్రకు వినిపించింది. తన ఫోన్ అంటే చెడ్డ కబురే అయి ఉంటుందని తమ్ముడు అనుకునే దాకా వచ్చింది.

"ఏం కాలేదు. వాన పడినాదా?"

"పడినట్ల పడింది. పత్తిలో కలుపు తీపిస్తాండా. మీకాడ?"

"లేదు."

అవతల కలుపు తీసే ఆడవాళ్ళ మాటలు, ఎవరో నవ్వడం వినిపించాయి. ఇద్దరూ వాటిని విన్నారు.

"కరెంటు బాగ ఇస్తాండారా?" అన్నాడు వీరభద్ర.

"యాడ ఇస్తారు. మా ఆపరేటరు ఫోనే ఎత్తడు. నీ మాదిరే."

వీరభద్ర నవ్వాలనుకున్నాడు. రాలేదు. బయట ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది. రోజూ వినే చప్పుడే. ఇప్పుడు చాలా దగ్గరగా ఉంది.

"ఈరేషా, ఆరు వేలు కావాల."

 ఆడవాళ్ళ మాటలు దూరమయ్యాయి. ఈరేష్ గట్టు మీదికి నడుస్తున్నట్టుంది.

"నీకా?"

"నాకే. సాయంత్రం ఆరు లోపల కావాల."

"ఏ నంబరుకు పంపాల్ల?"

"ఎందుకని అడగవా?"

"ఉల్లిగడ్డలకప్పుడు నువ్వు అడిగినావా?"

వీరభద్ర గోడకు ఆనుకున్నాడు. అక్కడే చెప్పేశాడు. ఎదురుగా మనిషి లేడు కాబట్టి చెప్పగలిగాడు. "ఆ దుడ్లు నావి కాదురా. కార్డు మీద తెచ్చినవి. అది ఇప్పుడు కడతాండా. ఈ పొద్దుతో ఆఖరు."

"ఎంత వడ్డీకి?"

"మూడున్నర."



"ఉల్లిగడ్డలకు మూడున్నర," అన్నాడు ఈరేష్ మెల్లగా. "మన గోపన్న రెండు రూపాయలకే ఇచ్చేటోడు కదన్నా. ఎదురిల్లే. గోచీ పెట్టుకున్నప్పటి నుంచి చూస్తాండావు వాన్ని. నోరు తెరిచి ఒక మాట అంటివా, నా కాడ ల్యావు అని?"

"అనలే."

"నేనేమో నీ జీతమంతా గొర్రెలకు మేపితినని, నీకు మొగం చూపియ్యలేక ఫోనే చెయ్యకపోతి."

"ఫోన్లో మొగం కనపడదు కదరా."

ఈరేష్ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నవ్వాడో ఏమో తెలియదు. "పెట్టేయ్. చూస్తా," అన్నాడు.

మూడయింది. నాలుగయింది. గంట గంటకూ లేచి మీటర్లు చూసి పుస్తకంలో రాశాడు. ఒక అంకె తప్పు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. తమ్ముడు పంపకపోతే ఏమవుతుందో ఆలోచించాడు. లక్ష మళ్ళీ నెత్తికెక్కుతుంది. బైకు పోయింది, రెండు కంతులు పోయాయి. అవి పోయినా బతకొచ్చు. అడిగాక లేదనిపించుకుని, మళ్ళీ ఈ గదిలో కూర్చోవడం ఎట్లా ఉంటుందో, దాన్నే ఎక్కువ ఆలోచించాడు.

ఐదు దాటాక ఫోన్లో మెసేజ్ మోగింది. ఆరు వేలు పడ్డాయి. దాంతోపాటు మాటేమీ లేదు.

వీరభద్ర పదిహేను వేలూ కట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి, పచ్చగా మారింది. ఇన్నేళ్ళ సంగతి అంతే. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. అప్పునోటు చించి చేతిలో పెట్టలేదు. ఊళ్ళో అయితే అప్పు తీరిననాడు ఇచ్చినవాడింట్లో కాఫీ ఇస్తారు. కుండలో నీళ్ళు తాగాడు. చేతులు కడుక్కున్నాడు.

జ్ఞానరాజుకు ఫోన్ చేశాడు.

"చూసినా నా. పడినాయి. నీ పేరు మా లిస్టులోంచి పాయె," అన్నాడు జ్ఞానరాజు. అతను ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు, లారీలు పోతున్నాయి. "నీయట్లాటోళ్ళు ఇంకో నలుగురుంటే నాకు ప్రమోషనొస్తాది."

"ఇంగ ఇట్లకు రావా?"

"ఎందుకొస్తా నా? నీ కాడ పనేముండాది ఇంగ."

"ఊరికే రా."

"ఊరికే పెట్రోలు ఎవరు పోస్తారు?" అన్నాడు జ్ఞానరాజు. తర్వాత గొంతు తగ్గించి, "మళ్ళా కార్డు మాత్రం తీసుకోవద్దు నా. ఇస్తాం ఇస్తామని ఫోన్లు చేస్తారు. ఎత్తొద్దు," అన్నాడు. ఎవరో పిలిస్తే వస్తాన్నా అని పెట్టేశాడు. వాళ్ళు మాట్లాడుకోవడం అదే ఆఖరు.

పొద్దు వాలుతుండగా ఈరేష్ చేశాడు.

"కట్టినావా?"

"కట్టినా. యాడివిరా?"

"యాడివేమి, గోపన్నవే. అసలు సంగతంతా చెప్తి వానికి. మూడున్నరంటే అరుగు మీదినుంచి పడినంత పని చేసె. సదువుకున్నోళ్ళు చేసే పనా ఇది అని వాడు ఒకటే తిట్టు. మన అమ్మ సావుకు నువ్వు ఆలస్యంగా వచ్చినప్పుడు కూడా అంత తిట్టలే నిన్ను."

"ఎంతకిచ్చినాడు?"

"రెండు రూపాయలకే. కానీ నోటు నా పేరు మీద రాయనంటాండాడు. తీసుకున్నోడు నువ్వు కాదు కదా, మీ అన్న అంటాడు. వాడొచ్చి నా కండ్లముందర నోటు మీద సంతకం పెట్టల్ల అన్నాడు. ఆదివారం లోపల రావల్లంట. రాకపోతే దుడ్లు నన్నే కట్టమంటాడు ఆ ముసలోడు."

వీరభద్ర ఫోన్ చెవి మార్చుకున్నాడు.

"వస్తావా మరి?" అన్నాడు ఈరేష్. ఆ మాట మామూలుగా అనడానికి ప్రయత్నించాడు. చిన్నప్పుడు ఈత బావి గట్టు మీద నిలబడి, దూకుతావా నువ్వు ముందు, అని అడిగే గొంతు అది.

"రాకపోతే ఎట్ల? వడ్డీ పెరుగుతాది," అన్నాడు వీరభద్ర.

చీకటి పడకముందే రాత్రి డ్యూటీకి ఏసన్న వచ్చాడు. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి, పుస్తకంలో సంతకం చేశాడు. వీరభద్ర ఆ రోజు ఏ లైన్ ఆపిందీ, ఎప్పుడు వేసిందీ అప్పగించాడు. తర్వాత, శని ఆదివారాలు తన డ్యూటీ చూసుకుంటావా అని అడిగాడు. ఏసన్న పెన్ను పట్టుకుని అలాగే చూశాడు. ఇద్దరూ కలిసి పనిచేసే మూడేళ్ళలో వీరభద్ర సెలవడగడం అతనెరుగడు.

"ఊర్లో ఏం పనప్పా ఉన్నట్టుండి?"

"అప్పుండాది."

"అప్పులుంటే ఊరిడిచి పోతారు గానీ, ఊరికి పోయేటోన్ని నిన్నే చూస్తాండా," అన్నాడు ఏసన్న. డబ్బా మూత తీసి, ఇంత చిత్రాన్నం మూతలో పెట్టి ఇటు జరిపాడు.

వీరభద్ర దాన్ని చూశాడు. మధ్యాహ్నం ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కర్నూలు బస్సు పొద్దున ఎన్నింటికి?" అని అడిగాడు.